మూత తీయని పరీక్ష

సత్యవేణి పరిశోధన పేపరు రాయడం పూర్తయింది, పంపడం మాత్రం మిగిలిపోయింది. సైన్సు పత్రిక వాళ్ల ప్రత్యేక సంచికకి గడువు ఆ శుక్రవారం సాయంత్రం ఐదింటితో ముగుస్తుంది. పేర్లు, బొమ్మలు, పట్టికలు అన్నీ కంప్యూటర్లో ఎక్కించింది. ఇక ఒక్క బటన్ నొక్కితే చాలు. ఆ బటన్ నొక్కాలంటే గైడు ప్రొఫెసర్ జిలానీ సరేననాలి.

ఆయన ఔననలేదు, కాదనీ అనలేదు. వరండాలో ఎదురుపడితే "చదువుతున్నానమ్మా" అంటారు. మర్నాడు అడిగినా అదే మాట. నచ్చకపోతే నచ్చలేదని చెప్పేయొచ్చు కదా అనుకునేది సత్యవేణి. మళ్లీ, నిజంగా అలా అంటే తను తట్టుకోగలదా అని భయపడేది.

భయానికి కారణం లేకపోలేదు. థీసిస్ గడువు ఈ ఏడాదితో సరి. ఒక పేపరైనా అచ్చుకి ఒప్పుకున్నారని చూపించకపోతే యూనివర్సిటీ వాళ్లు థీసిస్ తీసుకోరు. బెంగుళూరులో ఎవరో తన పేపర్లో ఉన్నలాంటి మందు మీదే పని చేస్తున్నారని ఆమధ్య విన్నది. ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సరిగా సహించడం లేదు.

విశాఖపట్నంలో సత్యవేణి ఉన్న ల్యాబు వాళ్లు చేసే పని పోగుల మీద. ప్రొటీన్లు మామూలుగా నీళ్లలో దేనికది విడివిడిగా తిరుగుతుంటాయి. కొన్నింటికి పులుపు తగిలినా, వేడి తగిలినా, ఉప్పు మోతాదు మారినా, ఊరికే కుదిపినా బుద్ధి మారిపోతుంది. ఒకదాన్నొకటి పట్టుకుని వరస కడతాయి, పొడుగాటి పోగులవుతాయి. వయసు మళ్లినవాళ్లకి జ్ఞాపకం చెడగొట్టే జబ్బుల్లో మెదడులో పేరుకునేది ఇలాంటి పోగులే. వాటిని కట్టనీయకుండా ఆపే మందు కోసం ప్రపంచమంతా వెతుకుతోంది. సత్యవేణి ఒక అడవిచెట్టు బెరడు నుంచి పసుపుపచ్చటి పదార్థం ఒకటి విడదీసింది. అది వేస్తే పోగులు కట్టడం లేదు. పేపరు సారాంశం అంతే.

పోగులు కంటికి కనిపించేంత లావుండవు. అందుకని ట్యూబులో ఒక రంగు కలుపుతారు. పోగు దొరికితే ఆ రంగు దాన్ని అంటిపెట్టుకుని, నీలం దీపం కింద మెరుస్తుంది. పోగు లేకపోతే మెరవదు. మెరుపు ఎంత పెరిగిందో యంత్రం కొలిచి గీత గీస్తుంది. ఉత్త ప్రొటీన్ ఉన్న ట్యూబులో గీత కాసేపు నేల మీద పాకి, తర్వాత మెట్టెక్కినట్టు పైకి లేచేది. పసుపు మందు వేసిన ట్యూబులో గీత లేవలేదు. ఎన్నిసార్లు చేసినా లేవలేదు.

మొదటిసారి ఆ గీత చూసిన రోజు సత్యవేణి ల్యాబులో అందరికీ జున్ను తెప్పించి పెట్టింది.

"ఏంటి వేణీ, మొహం అలా పెట్టావు?" అన్నాడు ఎబినేజర్. పక్క బల్ల అతనిది. అమలాపురం వైపు మనిషి. ఆమెకంటే ఒక ఏడాది వెనక చేరాడు గానీ నోటికి చిన్నా పెద్దా లేదు. "పెళ్లిచూపులకొచ్చినోళ్లు ఇంకా కబురెట్టలేదా?"

"నీకు ఎకసెక్కంగానే ఉంటుంది. సార్ ఎక్కడున్నారో చూశావా?"

"శుక్రవారం కదండీ మేడంగారూ. నమాజుకెళ్లారు. వచ్చి నీ బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నారనుకో, నీ పేపరు గోవిందా."

"నోరు ముయ్యి, ఎబీ."

అతను నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు.

స్టూలు సంగతి ఆ ల్యాబులో అందరికీ తెలిసిందే. జిలానీ సార్ పేపరు మీద ఎర్ర పెన్నుతో గీతలు పెట్టరు. గదికి పిలిచి క్లాసు పీకరు. పేపరు బాగుంటే "పంపించమ్మా" అంటారు, అంతే. ఏదైనా తేడాగా అనిపిస్తే తిన్నగా ఆ స్కాలర్ బల్ల దగ్గరికొచ్చి, కిటికీ పక్కనున్న ఇనుప స్టూలు లాక్కుని కూర్చుంటారు. ట్యూబులు చూపించమంటారు. తన చేత్తో ఏదో ఒకటి చేస్తారు. అది అయ్యేవరకు ఎవరూ మాట్లాడకూడదు. లేచి వెళ్లిపోయాక ఆ స్కాలర్ ఆ పూటకి మనిషిలా ఉండడు.

"ఒకటి చెప్పనా?" అన్నాడు ఎబినేజర్, గొంతు తగ్గించి. "ఆయన వద్దనలేదు కదా. నొక్కేయ్. తర్వాత కాళ్లట్టుకుంటే కరిగిపోతారు, మెత్తటి మనిషి."

ఆ ఆలోచన సత్యవేణికీ రాకపోలేదు. పొద్దున్న రెండుసార్లు పేపరు పంపే పేజీ తెరిచి మూసేసింది, మూడోసారి తెరిచి అలాగే వదిలేసింది.

ఆమెని తొలుస్తున్నది ఇంకొకటి ఉంది. అది ఎబినేజర్‌కి తెలియదు. ఫిజిక్స్ వాళ్ల భవనంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంది. దాని కింద పెడితే ఆ మెరుపు రంగుతో పని లేకుండా పోగుల్ని నేరుగా చూడొచ్చు. చూడాలని చాలాసార్లు అనుకుంది. అనుకున్న ప్రతిసారీ ఇంకేదో పని తగిలేది. ఒకసారి వరస పెద్దదన్నారు. ఒకసారి యంత్రం రిపేరన్నారు. ఒకసారి అసలు అడగనే లేదు. పత్రిక తరఫున పేపరు చదివే పెద్దలు కావాలంటే అప్పుడు బొమ్మ తీద్దాంలే అని సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవడం అంత తేలిగ్గా కుదిరినప్పుడే తనకి కొంచెం అనుమానం రావాల్సింది.

మూడు కావస్తుంటే వరండాలో చెప్పుల చప్పుడు వినిపించింది. జిలానీ సార్ లోపలికొచ్చారు. తెల్లచొక్కా జేబులో మడిచిన టోపీ అంచు కనిపిస్తోంది. తన గది వైపు తిరుగుతారని సత్యవేణి ఎదురుచూసింది. ఆయన తిరగలేదు. కిటికీ దగ్గరికెళ్లి స్టూలు లాగారు. ఇనుపకాళ్లు గచ్చు మీద కీచుమన్నాయి. ల్యాబులో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా తమ పనిలో తలలు దూర్చేశారు.

"ఏమ్మా సత్యవేణీ, భోంచేశావా?"

"చేశాను సార్." చేయలేదు.

"పేపరు చదివాను. బాగా రాశావు. తప్పుల్లేవు."

తప్పుల్లేవంటూ స్టూలు మీద కూర్చోవడం ఎక్కడైనా ఉందా?

"ఇందులో మూడో పట్టిక నాకు అన్నిటికంటే నచ్చింది" అన్నారాయన. "ఒక్కొక్కటీ చెప్పు. ఉప్పు ఎక్కువ వేస్తే ఈ ప్రొటీన్ మామూలుగా ఏం చేస్తుంది?"

"తొందరగా పోగు కడుతుంది సార్."

"నీ మందు పడితే?"

"కట్టదు."

"పులుపు తగ్గిస్తే?"

"మామూలుగా అయితే బాగా ఆలస్యమవుతుంది సార్. మందు పడితే అసలు కట్టదు."

"కుదిపితే?"

"మందు లేకపోతే గంటల్లో కట్టేస్తుంది. మందుంటే లేదు."

"వేడి పెంచితే?"

"అప్పుడూ లేదు సార్." ఆమె గొంతులో కొంచెం బలం వచ్చింది. ఆ పట్టిక కోసం ఎండాకాలమంతా ల్యాబులోనే గడిపింది. "ఏ పరిస్థితిలో పెట్టినా పని చేసింది సార్. ఒక్కదాంట్లో కూడా గీత లేవలేదు."

"అన్నిట్లోనూ ఒకే తీరా?"

"ఒకే తీరు సార్."

"ఉప్పుని బట్టి ప్రొటీన్ మారింది, పులుపుని బట్టి మారింది, వేడిని బట్టి మారింది. మందు మాత్రం దేనికీ మారలేదు."

"అవును సార్" అంది సత్యవేణి. అన్నాక, ఎందుకో ఆ మాట తన చెవికే ఎబ్బెట్టుగా తోచింది.

ఆయన తలూపారు. మెచ్చుకున్నారో ఏమో తెలియలేదు. "నిన్నటి ట్యూబులున్నాయా?"

ఆమె స్టాండు తెచ్చి బల్ల మీద పెట్టింది. ట్యూబులు ఒకదానికొకటి తగిలి చిన్నగా మోగాయి. ఎబినేజర్ ఇటు చూడడం లేదన్నట్టు ఇటే చూస్తున్నాడు.

"మందు లేనిది ఏది?"

ఆమె చూపించింది. నీళ్లలాగే ఉంది, కాస్త మసగ్గా.

"మందు వేసింది?"

పక్కదే. పల్చటి పసుపు రంగు.

"పేపర్లో రాసిన మోతాదేనా ఇందులో ఉన్నది?"

"అదే సార్. ఒక్క చుక్క కూడా ఎక్కువ లేదు."

"ఆ పరదా లాగు ఎబినేజర్" అన్నారాయన, అటు తిరక్కుండానే.

ఎబినేజర్ ఉలిక్కిపడి లేచి కిటికీ పరదా లాగాడు. గది మసకబారింది. జిలానీ సార్ బల్ల మీదున్న చిన్న నీలం దీపం వెలిగించి, దాని ముందు మందు లేని ట్యూబు నిలబెట్టారు. ట్యూబు లోపల ఆకుపచ్చ కలిసిన నీలంలో మెరుపు లేచింది. నిండా పోగులున్నాయని రంగు చెబుతోంది. సత్యవేణి ఆ మెరుపుని లెక్కలేనన్నిసార్లు చూసింది. చూసినప్పుడల్లా అందంగానే ఉండేది.

పసుపు మందున్న ట్యూబు కూడా వెలుగులో పెట్టి చూస్తారని ఆమె అనుకుంది. పెట్టినా భయం లేదు, అది మెరవదు. తన పేపరంతా అదే.

ఆయన ఆ ట్యూబుని రెండు వేళ్లతో తీసుకున్నారు. మూత తీయలేదు. దేంట్లోనూ ఏమీ కలపలేదు. దీపానికీ, మెరుస్తున్న ట్యూబుకీ మధ్యలో దాన్ని అడ్డంగా పట్టుకున్నారు.

మెరుపు పోయింది.

పక్కకి తీశారు. మెరుపు వచ్చింది.

మళ్లీ అడ్డం పెట్టారు. మళ్లీ పోయింది. అలాగే పట్టుకుని కూర్చున్నారు, తొందరేమీ లేనట్టు.

ఎక్కడో ఫ్రిజ్ మోటారు ఆగిన చప్పుడు వినిపించింది. సత్యవేణి ఆ చీకటి ట్యూబు వంకే చూస్తోంది. అందులో ప్రొటీన్ ఉంది. పోగులున్నాయి. రంగు కూడా ఉంది. ఒక్క క్షణం క్రితం మెరిసింది. దాని మూత ఇంకా బిగించే ఉంది.

"మందు ఇంకా లోపలికి వెళ్లనేలేదమ్మా" అన్నారు జిలానీ సార్.

ఆమెకి ఏదో ఒకటి అనాలనిపించింది. "సార్, అంటే... మందు కొంత వెలుగుని మింగుతుందేమో, కాదనను. దాంతోపాటు పోగుల్ని కూడా ఆపుతుందేమో కదా సార్. రెండూ చేయొచ్చు కదా?"

"చేయొచ్చు."

ఆ ఒప్పుకోలు ఆమెకి ఊరట ఇవ్వలేదు. కాదంటే వాదించేది. ఆయన పసుపు ట్యూబుని ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు మూశారు.

"ఇందులో పోగులున్నాయా, లేవా?"

లేవని ఆమె పేపర్లో రాసింది. మొదటి పేరాలో రాసింది, చివరి పేరాలో ఇంకా గట్టిగా రాసింది. మూసిన తన గుప్పిటి వంక చూసింది. కిటికీ అవతల రోడ్డు మీద బస్సు ఏదో హారన్ కొట్టుకుంటూ పోయింది.

"తెలీదు సార్" అంది చివరికి.

జిలానీ సార్ దీపం ఆర్పేశారు. "ఫిజిక్స్ వాళ్లకి పొద్దున్నే చెప్పి ఉంచాను. నాలుగింటికి రమ్మన్నారు." స్టూలుని కిటికీ పక్కన దాని చోట పెట్టి, తన గదిలోకి వెళ్లిపోయారు.

పరదా తీస్తూ ఎబినేజర్ ఒక్క జోకు కూడా వేయలేదు. ఆమెకి అది ఇంకా భయంగా అనిపించింది.

ఫిజిక్స్ భవనానికి వెళ్లే దారంతా ఎండ. ట్యూబుని గుప్పిట్లో పెట్టుకుని నడిచింది. దారిలో ఆమె మనసు చేయని బేరం లేదు. పోగులు లేకపోతే చాలు. పూర్తిగా లేకుండా పోకపోయినా, తక్కువ ఉంటే చాలు. పొట్టిగా ఉన్నా ఏదో ఒకటి రాయొచ్చు. ఐదులోపు వెనక్కి వచ్చేస్తే ఒక వాక్యం మార్చి పంపేయొచ్చు. బెంగుళూరు వాళ్లు దీపం ముందు ఏ ట్యూబూ అడ్డం పెట్టి చూసి ఉండరు కదా. ఆ ఆలోచనకి తనకే సిగ్గేసింది, అయినా అది పోలేదు.

మైక్రోస్కోపు దగ్గర పనిచేసే రాజేశ్వరిగారు పెద్దావిడ. మాట తక్కువ. ట్యూబులోంచి ఒక బొట్టు తీసి చిన్న జల్లెడలాంటి బిళ్ల మీద వేసి, ఆరనిచ్చి, యంత్రంలో పెట్టారు.

తెర మీద బూడిదరంగు వచ్చింది. ఉత్త బూడిదరంగు. ఎక్కడా ఏమీ లేదు.

సత్యవేణి తెర మీదికి వంగింది. "లేవు కదండీ?" అంది.

"ఉండమ్మా, ఇది అంచు" అన్నారు రాజేశ్వరిగారు, బొత్తాం తిప్పుతూ.

తెర పక్కకి జరిగింది. ఒక పోగు వచ్చింది. తర్వాత మరొకటి దాన్ని దాటుకుంటూ పోయింది. ఇంకొంచెం జరిగేసరికి తెర పట్టనన్ని పోగులు వచ్చాయి. పొడుగ్గా, నిటారుగా, కొమ్మల్లేకుండా, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొన్ని రెండేసి మెలిపడి ఉన్నాయి. మెలికకీ మెలికకీ మధ్య ఎడం ఎక్కడ చూసినా ఒక్కలాగే ఉంది. ఎవరో కూర్చుని పేనినట్టు ఉంది.

"అబ్బో, బాగా కట్టాయే" అన్నారు రాజేశ్వరిగారు. "బొమ్మ తీయమంటావా?"

సత్యవేణికి ఆవిడ అడిగింది వినిపించలేదు. మళ్లీ అడిగితే తలూపింది.

ల్యాబుకి తిరిగొచ్చేసరికి ఐదవడానికి ఇంకా కొంచెం టైముంది. కంప్యూటర్ తెర మీద పేజీ ఆమె వదిలి వెళ్లినట్టే తెరిచి ఉంది. బటన్ నీలంగా ఉంది. ఎబినేజర్ కుర్చీ ఇటు తిప్పుకుని చూశాడు.

ఆమె నిలబడే మౌస్ పట్టుకుంది. మైక్రోస్కోపు తెర మీద చూసింది తనకీ, రాజేశ్వరిగారికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆవిడకి ఈ పేపరు సంగతే తెలియదు. బటన్ నొక్కాక కూడా పోగులు అలాగే ఉంటాయి, ఎవరితోనూ చెప్పవు. థీసిస్, అమ్మ ఫోన్లో వారంవారం అడిగే ప్రశ్న, మళ్లీ ఇంకో ఎండాకాలం, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. తర్వాత పేజీ మూసేసింది. 'సేవ్ చేయాలా?' అని కంప్యూటర్ అడిగితే వద్దంది.

"వేణీ!" అన్నాడు ఎబినేజర్.

"ఉన్నాయిరా" అంది. "నిండా ఉన్నాయి."

జిలానీ సార్ గది తలుపు వేసి లేదు. ఆయన టీ తాగుతూ ఏదో చదువుకుంటున్నారు. ఆమె గుమ్మంలో నిలబడింది.

"ఉన్నాయి సార్."

"ఊఁ."

"పేపరు పంపలేదు. పేజీ మూసేశాను. ఈ ఏడాదికి ఇంక..." అని ఆపేసింది. "ఇన్నేళ్లు నేను చూసింది మెరుపుని సార్."

"వాటిని ఎప్పుడూ చూడలేదా?"

"గ్రాఫులో చూశాను" అనబోయి ఆగిపోయింది. పోగుల గురించి ఆరేళ్లు చదివింది. పోగుల మీద రెండు వందల పేజీలు రాసి పెట్టుకుంది. "లేదు సార్. ఇవాళే."

జిలానీ సార్ టీ కప్పు పక్కన పెట్టారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఎదురుగా ఉన్న కుర్చీని కాలితో ఆమె వైపు జరిపారు.

"కూర్చో" అన్నారు. "ఎలా ఉన్నాయి?"